దాతల జాకీలు

కూతురి పెళ్ళికి మండపం ఎక్కడ వేయించాలో చూసుకుందామని పైడయ్య ఆ ఉదయం గనుల ఊరు కిరందుల్‌లోని తెలుగు సంఘం హాలుకి బయల్దేరాడు. సంఘానికి కార్యదర్శి తనే. హాలు కట్టించిందీ తనేనని రోజుకోసారి ఎవరితోనైనా చెప్పుకోకపోతే అతనికి అన్నం అరగదు. పూలదండలకి కొక్కేలు ఎక్కడ కొట్టాలో చెబుతాడని ఇంజనీరు గిరీష్‌ని వెంటబెట్టుకెళ్ళాడు.

గిరీష్ కొక్కేల సంగతి వదిలేసి నడిమి బీము చివరల్ని చూశాడు. అక్కడ ఏటవాలుగా పగుళ్ళు. కాస్త చెక్కించి చూస్తే లోపల పొడుగు ఊచలున్నాయి గాని, వాటిని చుట్టి పట్టుకునే రింగులు లేవు.

"రింగులేవండీ?"

"కడతానే ఉన్నారు గాని ముహూర్తం దాటిపోతందని కాంక్రీటు పోసీమన్నాను. లోపలున్నవి ఎవులికి కనిపిస్తాయి, బావూ?"

"బీముకి కనిపిస్తాయండి. ఇలాంటిది చెప్పకుండా కూలుతుంది."

వైద్యం కూడా గిరీషే చెప్పాడు. కింద నేలనుంచి బీము దాకా ఇనుప గొట్టాల జాకీలు నిలబెట్టి బరువు ఆపాలి. బీముకి బయటినుంచి కొత్త రింగులు తొడిగి మళ్ళీ కాంక్రీటు పొయ్యాలి. అది గట్టిపడ్డాక జాకీలు తీసెయ్యాలి. పెళ్ళినాటికి హాలు ఖాళీ.

జాకీలు అద్దెకి తెస్తే ఎందుకని అడుగుతారు. అడిగితే ముహూర్తం గుట్టు బయటపడుతుంది. పైడయ్య బుర్ర అప్పుడే పనిచేసింది, పనిచెయ్యకపోతేనే బాగుండేది. 'హాలుకి బలం చేకూర్చే పుణ్యకార్యం, ఒక్కో జాకీ మీద దాత పేరు రాయిస్తాం' అని చాటించాడు. ఆ సంఘంలో పేరు లేనిదే చెంబు కూడా ఉండదు. ఫ్యాను తిరిగితే రెక్క మీద తమ పేరు కనిపించదని, ఎండాకాలంలో ఫ్యాను వెయ్యనివ్వని మహానుభావులు వాళ్ళు.

జాకీలు దిగాయి. అధ్యక్షుడు గవర్రాజు వచ్చి చూసి మండిపడ్డాడు.

"ఏటి పైడయ్యా, నా జాకీ తలుపెనకాలేటి? సుధారాణిది స్టేజీ ముందరా? నేను అధ్యక్షుణ్ణా, వాచ్‌మేన్‌నా?"

అతని జాకీ ముందుకొచ్చింది. అది చూసి సంఘం సభ్యురాలు సుధారాణి, తన పేరున ఉన్నది చాలక, చనిపోయిన భర్త పేరున ఇంకోటి పెట్టించింది. దాంతో మిగతావాళ్ళ పితృభక్తి, మాతృభక్తి కూడా మేలుకున్నాయి.

"బీము కింద నాలుగైదు చాలండీ," అని మొత్తుకున్నాడు గిరీష్.

"బీముకి సాలు బావూ. మనుసులకి సాలవు," అన్నాడు పైడయ్య.

హాలు ఇనుప అడవైంది. ఆ అడవిలోనే దూరి గిరీష్ రింగులు తొడిగించాడు, కాంక్రీటు పోయించాడు. గట్టిపడ్డాక బీముని తట్టి చూసి, ఇక జాకీలు తియ్యొచ్చన్నాడు. పెళ్ళికి వారమే ఉంది.

"ముందు సుధారాణిది తియ్యమను," అన్నాడు గవర్రాజు.

"మా ఆయన పేరు పీకేత్తావా, పైడయ్యన్నా? పాపం తగలదూ?" అంది సుధారాణి.

ఎవరో బీము ఇంకా కచ్చాగానే ఉందన్నారు. ఇంకెవరో పైడయ్య జాకీలన్నీ పాత ఇనుముకి అమ్ముకుంటాడన్నారు. చివరికి సభ పెట్టి తేల్చారు: కార్యదర్శి తన జాకీ మొదట తియ్యాలి, తరవాత అందరూ తీస్తారు.

పైడయ్య మొహం వెలిగిపోయింది. కూతురి పెళ్ళి గట్టెక్కిందనుకుని తన జాకీ దగ్గరకి వెళ్ళాడు. దాన్ని అప్పటికే అతని భార్య అప్పలకొండమ్మ రెండు చేతులా వాటేసుకుని నిలబడి ఉంది. ఇంటి పోరు తప్పుతుందని దాని మీద అత్తగారి పేరు రాయించాడు మరి.

"ఇన్నాళ్ళకి మాయమ్మ పేరెట్టేవని పదిమందికీ సెప్పుకున్నాను. ఇప్పుడు పీకితే నా మొకం ఎక్కడెట్టుకోను? ముందు నన్ను పీకు!"

సంఘమంతా హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఇక ఎవరూ ఏదీ తియ్యక్కర్లేదు.

"నాన్నా, పెళ్ళికొడుక్కీ నాకూ మద్దిన ఎవులి జాకీ వత్తాదో కార్డులోనే ఏయించీ," అంది పెళ్ళికూతురు కల్యాణి.

పెళ్ళి బయట ఎర్రమట్టిలో, డేరా కింద జరిగింది. మగపెళ్ళివారు భోజనాలయ్యాక కిటికీల్లోంచి హాలులోకి తొంగిచూసి, దాతల పేర్లు చదువుకుని వెళ్ళిపోయారు.

ఇప్పుడు కిరందుల్‌లో అంత గట్టి బీము ఇంకోటి లేదని గిరీష్ అంటాడు. కింద నిలబడి చూద్దామంటే చోటు లేదు.