ఇరువాచ్చి విమోచన మహోత్సవం

"చెరలో మగ్గుతున్న స్త్రీకి ఆదివారం స్వేచ్ఛ! పంచాయతీ ప్రెసిడెంటు సుమిత గారి స్వహస్తాలతో!" అని మా ఊరి మలుపులో ఫ్లెక్స్ లేచింది. అందులో సుమిత గారి ఫోటో పోస్టు స్టాంపంత, ఆమె భర్త గోపినాథ్ గారిది లారీ అంత. మా సీటు ఆడవాళ్ళకు రిజర్వయినప్పటి నుంచి ఆ బరువంతా పాపం ఆయనే మోస్తున్నారు. మీటింగులకు ఆయనే వెళ్తారు. ఆమె సంతకం ఆమెకన్నా అందంగా పెడతారు.

చెరలో ఉన్నది ఒక పిట్ట. జవ్వాదు కొండ కింద ఇప్పచెట్టు తొర్రలో ఆడ ఇరువాచ్చి, అదే పొడుగు ముక్కు హార్న్‌బిల్ పిట్ట, దూరి, ముక్కు పట్టేంత సందు వదిలి వాకిలి మట్టితో మూసుకుంది. మగపిట్ట పళ్ళు తెచ్చి ఆ సందులోంచి అందిస్తుంది. సంగతి విని గోపినాథ్ గారి కళ్ళు చెమర్చాయి.

"పెండ్లాన్ని లోపలేసి మూసి, వాడు ఊరంతా తిరగతా ఉండాడా? మన పంచాయతీలోనా?"

సన్మానం శాలువా గుడియాత్తంలో నా మగ్గం మీదే నేశాను. పిట్ట కొలతలు ఎవరూ ఇవ్వలేదు కాబట్టి లుంగీ కొలతే పెట్టాను. బీడీలు చుట్టే ఆడవాళ్ళను షేర్ ఆటోల్లో దించారు. మేళం అదిరిపోతోంది. గోపినాథ్ గారు ఉలి, సుత్తి పట్టుకుని నిచ్చెనెక్కారు.

రెండు నెలలుగా ఆ గూటిని కనిపెట్టుకుని ఉన్న మేకల ఎల్లప్ప పరుగున వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు.

"వద్దు నాయనా! అది తనకు తానే మూసుకున్నాది. రెక్కల ఈకలు రాలిపోయి ఉండాది, ఎగరలేదు. లోపల పిల్లలుండాయి. ఇప్పుడు పగలగొడితే అన్నీ చస్తాయి. ఇంకో ఇరవై దినాలాగితే తనే పొడుచుకోని వస్తాది."

"తనే వస్తే ఇంక నేనెందుకప్పా?"

ఉలి తగిలి ఒక పెచ్చు రాలింది. ఎల్లప్ప ఏడ్చేశాడు. అంతలో అతను ఫ్లెక్స్ కేసి చెయ్యి చాపి అరిచాడు. "అమ్మ చేతులతో అని రాసినారు గదా! మీరెందుకు కొడతా ఉండారు?"

ఆడవాళ్ళు అందుకున్నారు. "అవునప్పా! వోటు ఆమెకే ఏసినాం. ఆమెనే పిలవండి!"

ఈలలు మోగాయి. గోపినాథ్ గారు ప్రజాస్వామ్యానికి తలవంచి, తన మనిషి దొరైను బైకు మీద పంపారు. పది నిమిషాల్లో దొరై ఒక్కడే తిరిగొచ్చాడు.

"అన్నా, ఇంటికి బయట తాళమేసి ఉండాది. మేడమ్ కిటికీలో నిలబడి చెప్పినారు, తాళంచెవి మీ జేబులోనే ఉండాదంట."

"సంతకాలకని అందరూ వచ్చి ఆమెను విసిగిస్తారు. సేఫ్టీ కోసం ఏసినా," అన్నారు గోపినాథ్ గారు నిచ్చెన మీద నుంచే.

మేళం ఆగింది. జనం సందడికి బెదిరి దూరంగా తిరుగుతున్న మగపిట్ట, ఇదే అదనని కొమ్మ మీద వాలింది. గొంతులోంచి మేడిపళ్ళు ఒక్కొక్కటే పైకి తెచ్చి సందులోకి అందించింది. లోపలి ముక్కు ఒక్కొక్కటే అందుకుంది. అందరం నోళ్ళు తెరుచుకుని చూశాం.

బీడీల పచ్చయమ్మ నిచ్చెన మీదికి తలెత్తి అడిగింది.

"ఏం నాయనా, ప్రెసిడెంటమ్మ పొద్దున్నించి ఏమన్నా తినిందా?"