ఊరందరికీ వచ్చిన జపాను భాష

తెల్లవారేసరికి సంచి సగం నిండింది. కొడుకు చొక్కాల మధ్య చేపల ఊట సీసాను గుడ్డ చుట్టి పెట్టి, పక్కన ఎండురొయ్యల పొట్లం దూర్చి, థిన్ మళ్లీ అన్నీ బయటికి తీసింది. సర్దడం ఆలస్యమైతే ప్రయాణమే ఆగిపోతుందని ఆమెకు ఎప్పుడూ ఒక ఆశ. భర్త చేపల వేటకు వెళ్లిన పొద్దున కూడా ఇలాగే మూట విప్పి కట్టింది. పడవ ఆగలేదు. మనిషి రాలేదు.

ఆ రోజు జరగాల్సింది చిన్న సంగతే. జపానులోని ఒక వృద్ధాశ్రమం తరఫున ఒకనో అనే పెద్దమనిషి, మనుషుల్ని కుదిర్చే తుయెత్‌ను వెంటబెట్టుకుని ఇంటికొస్తాడు. ఖాంగ్‌తో కాసేపు జపాను భాషలో మాట్లాడతాడు. నచ్చితే అక్కడి ముసలివాళ్లను చూసుకునే పనికి కుదుర్చుకుని, అదే కారులో శిక్షణకు తీసుకుపోతాడు. నచ్చకపోతే ఖాంగ్ రొయ్యల చెరువు చూసుకుంటూ తల్లి కళ్లెదుటే ఉంటాడు. నచ్చకుండా చేయడానికి థిన్ ఎన్నాళ్లుగానో పాటుపడుతోంది.

మొదటి పని ఆమెకు ఖాంగే అప్పజెప్పాడు. జపాను భాష నేర్పే బడికి కట్టే స్తోమత లేదు, వింటూ నేర్చుకునే పాఠాలు చవగ్గా ఏవైనా తెమ్మని తల్లిని సంతకు పంపాడు. ఫోన్ల కొట్టు పిల్ల మూడు రకాలు చూపించింది. ఒకటి నెలనెలా డబ్బు కట్టే యాప్. ఒకటి పుస్తకంతో వచ్చే డిస్కుల పెట్టె. మూడోది వేలెడంత పెన్‌డ్రైవ్.

"వీటిల్లో దేంతో నేర్చుకుంటే భాష రాదు?" అని థిన్ అడిగింది.

"ఏంటి బామ్మా?"

"వచ్చేది అందరూ అడుగుతారు. నేను రానిది అడుగుతున్నా."

ఆ పిల్ల మూడోదాన్ని ముందుకు జరిపింది. "అయితే ఈ పెన్‌డ్రైవే. పుస్తకం లేదు, అక్షరాలు లేవు. చెప్పిందే చెప్పి, మనచేత అనిపించి, మళ్లీ అదే చెబుతుంది. కొన్న కుర్రాళ్లంతా తిట్టుకుంటూ వెనక్కి తెచ్చారు."

"చవకేనా?"

"అన్నిటికన్నా."

"అదివ్వు."

ఖాంగ్ మాత్రం పట్టుదలగా ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినసాగాడు. థిన్‌కు వాడు నేర్చేసుకుంటాడేమోనని గుబులు పుట్టింది. పెన్‌డ్రైవ్ పట్టుకుని లూ దగ్గరికి వెళ్లింది. ఊరి స్తంభాల మీది మైకుల్లో పొద్దునా సాయంత్రం ప్రకటనలు వినిపించే ముసలాయన అతను.

"లూ అన్నా, మావాడు అస్తమానం చెవుల్లో అవి పెట్టుకుంటే చెవుడొస్తుందేమో. నీ మైకులో వేద్దూ."

"ఊరు నన్ను తంతుంది థిన్."

"తంతే ఆపేద్దువుగానిలే."

ఊరు తిడుతుందని, ఆ తిట్లకు పాఠాలు ఆగిపోతాయని ఆమె లెక్క. ఊరు తిట్టలేదు. ఎరువుల ధరలూ పందుల జబ్బులూ వినీవినీ విసిగిపోయిన జనానికి ఈ గొంతు కొత్తగా ఉంది. మైకు "దైజోబు దెసుకా?" అని అడిగేది. పర్వాలేదా అని దాని అర్థం. నాట్లు వేసేవాళ్లు నడుము ఎత్తకుండానే, పర్వాలేదండీ అన్నట్టు, "హై, దైజోబు దెసు" అని ఒక్క గొంతుతో బదులిచ్చేవాళ్లు. మాంసం కొట్టువాడు ఎముకలు తూకంలో వేసి "దైజోబు దెసుకా?" అనేవాడు. పర్వాలేదనక తప్పేది కాదు.

స్తంభం మీద ఎలాగూ వస్తోంది కదా అని ఖాంగ్ తన పాఠం మానేసి చెవుల్లో పాటలు పెట్టుకున్నాడు. థిన్ హాయిగా నిద్రపోయింది. పందుల కోసం అరటి బోదె తరుగుతూ కోడలు మ్యెన్ ప్రతి ప్రశ్నకూ బదులు చెబుతోందని ఆమెకు తెలుసు. ఊరంతా చెబుతోంది కదా అనుకుంది.

అయినా ఒకనో వచ్చే ఆ పొద్దున ఆమెకు ధైర్యం చాలలేదు. సంచిని సగంలో వదిలేసి మంచమెక్కింది.

"మోకాలు పట్టేసింది. అడుగు పడటం లేదు."

"నిన్న దాణా బస్తా మోశావు కదమ్మా," అన్నాడు ఖాంగ్.

"మోశాను కాబట్టే. నువ్వెళ్లరా. నా సంగతి ఎవరిక్కావాలి."

ఖాంగ్ చెరువు ఒకసారి చూసొస్తానని చెవుల్లో పాటలు తగిలించుకుని వెళ్లిపోయాడు. అప్పుడే మైకులో సైరన్ మోగింది.

పెన్‌డ్రైవ్‌లో ఆఖరి పాఠం భూకంపం వస్తే ఏం చేయాలన్నది. సైరన్‌తో మొదలవుతుంది. పైనున్న డ్యామ్ తలుపులు ఎత్తేముందు కూడా అచ్చం అలాంటి సైరనే మోగుతుంది. కిందటిసారి ఎత్తినప్పుడు వరద పశువుల్ని పట్టుకుపోయింది. జనం ఇంకేమీ వినలేదు. పందుల్ని తోలుకుని, బియ్యం నెత్తికెత్తుకుని, గుట్ట మీది బడికి పరుగెత్తారు. మైకు ఆపాల్సిన లూ అందరికన్నా ముందున్నాడు.

మ్యెన్ గుమ్మంలో నిలబడి చెవి ఒగ్గింది. "అత్తా, ఇది పాఠమే. ఉత్త అభ్యాసమని చెబుతోంది."

ఇల్లు ఖాళీగా ఉంటే వచ్చిన కారు వచ్చినట్టే పోతుందని థిన్‌కు తోచింది. "పాఠమో ప్రాణమో నీకేం తెలుసే. నన్ను గుట్టకు చేర్చు."

"నడవలేనన్నారుగా."

"అందుకే ఎత్తుకోమంటున్నా."

మ్యెన్ ఆమెను వీపున వేసుకుని బురదలో గుట్ట ఎక్కింది. దారి నిండా పందులూ జనమూ. వాటి మధ్య చిక్కుకున్న తెల్ల కారు వెనక్కి తిరిగే వీల్లేక వాళ్లతో పాటే పైకి చేరింది. అందులోంచి ఒకనో దిగాడు. కిందినుంచి వినిపిస్తున్న మైకు గొంతు విని చిన్నగా నవ్వాడు. తర్వాత మ్యెన్ వీపు మీది ముసలమ్మకు వంగి నమస్కరించి, ఎక్కడ నొప్పి అని తన భాషలో అడిగాడు.

"ఎడమ మోకాలండీ. మెల్లగా కూర్చోబెడతాను," అని మ్యెన్ అదే భాషలో చెప్పి, అత్తను దించి, కాలి కింద బియ్యం మూట జరిపింది.

తుయెత్ నోరు తెరిచింది. "ఈ అమ్మాయెవరు?"

"నా కోడలు," అంది థిన్ గర్వంగా. అన్నాక భయపడింది.

అప్పటికి ఖాంగ్ ఊరు ఖాళీ అవడం చూసి, ఇయర్‌ఫోన్లు మెడలో వేలాడుతుండగా ఆయాసపడుతూ వచ్చాడు. ఒకనో అతన్ని ఏదో అడిగాడు. ఖాంగ్ పెళ్లాం వైపు చూశాడు.

"నీ పేరు అడుగుతున్నారు," అంది మ్యెన్.

ఖాంగ్ పరీక్ష అక్కడితో అయిపోయింది. ఒకనో మ్యెన్ వైపు తిరిగి, నువ్వొస్తావా అని అడిగాడు. ఆమె అత్త వైపు చూసింది. ఒకనో థిన్ ముందు మోకాళ్ల మీద కూర్చుని, నెమ్మదిగా, "దైజోబు దెసుకా?" అన్నాడు.

ఈ పిల్ల లేకపోతే నాకు గడవదని చెబుదామనుకుంది థిన్. ఆ మాట ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు కనుక తడుముకుంది. ఈలోగా వెనకనుంచి ఊరు ఊరంతా అలవాటుగా బదులిచ్చింది.

"హై, దైజోబు దెసు."

ఆ గొంతుల్లో తనదీ ఉందని నోరు మూశాక గాని ఆమెకు తెలియలేదు.

"ఆగండి. అది పాఠం. నేనలా అనలేదు," అంటూ థిన్ దిగ్గున లేచి, కారు వైపు కదిలిన వాళ్ల వెంట గబగబా నడిచింది.

తుయెత్ చూసి ఒకనోకు ఏదో చెప్పి, ఇటు తిరిగి నవ్వింది. "మీరు భేషుగ్గా నడుస్తున్నారు బామ్మా. ఇంటి దగ్గర మిమ్మల్ని ఎవరు చూస్తారోనని ఆయన బెంగపడ్డారు. అదీ తీరింది."

మ్యెన్ కాళ్ల బురద కడుక్కునేదాకా కారు ఆగింది.

"మోకాలికి రోజూ నూనె రాయండత్తా," అంది ఎక్కుతూ.

"దానికేం రోగం లేదే," అంది థిన్. ఏడుస్తూ అనడంతో ఎవరూ నమ్మలేదు.

మ్యెన్ ఆ చలికాలంలో విమానం ఎక్కింది. ఆమెను తీసుకొస్తానని ఖాంగ్ మరుసటి ఏడాది, టెట్ అనే కొత్త సంవత్సరం పండుగ వెళ్లిన వారానికి బయలుదేరాడు. ఇద్దరూ తిరిగి రాలేదు.