సీసాలకు తలస్నానం

శనివారం పొద్దున రామమోహన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. లైసెన్సు ఉన్నవాళ్ళకే మందు అమ్మే పర్మిట్ షాపుకు వెళ్ళి ఖాళీ అయిన అరల్లోకి నాలుగు వైన్ సీసాలు తెచ్చుకోవడం, మధ్యాహ్నం పట్టాభిగారికి భోజనం పెట్టడం, అంతే. దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఆ విల్లా అద్దెకు తీసుకున్నదే మెట్ల కింది గది కోసం. అలాంటి గదిలో అందరూ బియ్యం బస్తాలు పెట్టుకుంటారు. రామమోహన్ చెక్క అరలు కొట్టించి, రాత్రింబవళ్ళు ఏసీ వేసి, సీసాలను వరసగా పడుకోబెట్టాడు. పిల్లలకు దుప్పటి కప్పడం మరిచిపోతాడేమో గానీ ఆ గదిలో చలి ఎంతుందో చూడటం మరవడు.

పట్టాభిగారు అతని జనరల్ మేనేజర్. వేసవి సెలవుకు కాకినాడ వెళ్తూ, ప్రాణప్రదమైన తన ఎర్ర వైన్ సీసాలన్నీ ఆ గదిలో దాచిపోయారు. ఇవాళ వాటిని చూసుకోవడానికి వస్తున్నారు. వెస్ట్ బే ఆఫీసులో సెక్షన్ హెడ్ కుర్చీ ఎవరిదో కూడా ఇవాళే చెబుతానన్నారు. ఆ కుర్చీ కోసం రామమోహన్ ఎన్నో ఏళ్ళుగా ఆయన జోకులకు అందరికంటే ముందు నవ్వుతున్నాడు.

"లలితా, ఆ గది కాస్త శుభ్రం చేయించు," అని చెప్పి కారెక్కాడు.

భార్య లలితకుమారి ఆ మాటను పనిమనిషి ఆంజనమ్మకు అందించింది. ఊరుకోకుండా, "సీసాలు కూడా అద్దంలా మెరవాలి," అని తనవంతు ఒకటి కలిపింది.

రామమోహన్ తిరిగొచ్చేసరికి సీసాలన్నీ స్నానాల తొట్టిలో మునిగి ఉన్నాయి. ఒక్కదానికీ లేబుల్ లేదు.

"ఆంజనమ్మా! ఏంటిది?"

"తోమితి కదా సార్. అమ్మ అద్దం మాదిరి ఉండాల అనె. ఆ కాగితాలు ఎంతకీ ఊడి రాల్యా. నానబెట్టి, పీచుతో గీకితి. మూతల మింద రేకులు గూడా వలిచేస్తి. రేపు ఖాళీ అయితే నెయ్యి పోసుకోవచ్చు."

నానబెట్టింది కుళాయి నీళ్ళలో. ఆగస్టులో దోహా కుళాయి నీళ్ళంటే మేడమీది ట్యాంకులో ఎండకు కాగి వచ్చేవి. రామమోహన్ ఒక సీసా ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

"కొంప ముంచావు కదమ్మా! ఆయనవి ఏవో, నావి ఏవో ఎలా తెలుస్తుంది?"

"అన్నీ ఆయనవే అని ఇచ్చేయండి. పీడా పోతుంది," అంది లలితకుమారి.

"అన్నీనా!"

తెల్ల వైన్‌లు ఎలాగూ తెలిసిపోయాయి. ఎర్రవే అన్నీ ఒక్క కాన్పులో పుట్టినట్టున్నాయి. హోటల్ స్టోర్స్‌లో పనిచేసే తమ్ముడు బాబీకి లలితకుమారి ఫోన్ చేసింది. వాడు ఆఘమేఘాల మీద దిగాడు.

"ఖరీదైంది నాలుక మీద పడగానే చెప్పేస్తా బావా, యల్లా, కానివ్వు, తెరువు!"

మొదటిది చప్పరించి, "ఇదే మీ బాస్‌ది," అన్నాడు. రెండోది తాగి, "ఇది ఇంకా బాస్‌ది," అన్నాడు. మరో రెండు తెరిచేసరికి సోఫాలో వాలిపోయి, "అన్నీ బాస్‌వే బావా, మనకంటూ ఏమీ లేవు," అని వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఆ కాగితాలు ఎక్కడ పారేశావు?" అని ఆంజనమ్మని అడిగాడు రామమోహన్.

"పారేస్తానా సార్? బొమ్మలు బాగుండాయని మేడ మింద ఆరేస్తి."

లేబుళ్ళు అప్పడాల్లా ఎండి వంకర్లు తిరిగి ఉన్నాయి. సగం పక్క విల్లాలోకి ఎగిరిపోయాయి. దక్కినవి దక్కినట్టు లలితకుమారి మైదా పిండి ఉడికించిన జిగురుతో చేతికందిన ఎర్ర సీసాల మీద అంటించింది. బాబీని పడకగదిలోకి ఈడ్చి, సీసాలు అరల్లో సర్దారో లేదో, జిగురు ఆరకముందే కాలింగ్ బెల్ మోగింది.

పట్టాభిగారు గది చూసి మురిసిపోయారు. తన లేబుల్ ఉన్న సీసా ఒకటి భోజనాల బల్ల మీదికి తెప్పించి, బిరడా తీయమన్నారు. రామమోహన్ తీశాడు. బిరడా మీద అచ్చువేసిన వైన్ పేరు చదివాడు. అది షాపులో అన్నిటికన్నా చవకది, లలితకుమారి కేకుల్లో పోసేది. కంగారులో బిరడాను గుత్తివంకాయ కూరలోకి జారవిడిచాడు.

"బిరడా ఏదయ్యా? ముందు వాసన చూడాలి కదా!" అంటూ పట్టాభిగారే దాన్ని గరిటెతో పైకి తీశారు. మసాలా ముద్దలో పేరు కనపడలేదు. కళ్ళు మూసుకుని వాసన పీల్చారు. "ఆహా! ఏం లోతు!" అన్నారు. తర్వాత గ్లాసు గటగటా ఖాళీ చేశారు. "నేనిచ్చినప్పటికంటే వెయ్యి రెట్లు మెరుగైందయ్యా. నీ చేతిలో ఏదో మహత్తు ఉంది."

రామమోహన్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. "అంతా మీ అభిమానం సార్. మరి ఆ వెస్ట్ బే విషయం..."

"అదే చెప్పబోతున్నా. ఆ కుర్చీ ఎక్కితే కంపెనీ టవర్‌లో ఫ్లాట్‌కి మారాలి. చుట్టూ అద్దాలు, పొద్దస్తమానం ఎండ. అక్కడ నా సీసాలు బతుకుతాయా? నువ్వు ఈ విల్లా వదిలి కదలడానికి వీల్లేదు. కుర్చీ నీ పక్క సీటు మనీష్‌కి ఇచ్చేశాను."

రామమోహన్ చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు. ఇక దాచి లాభం లేదనుకున్నాడు. "సార్, నిజం చెప్తున్నా. సీసాలన్నీ వేడినీళ్ళలో నానాయి. లేబుళ్ళు మేమే అంటించాం. మీరు తాగింది కేకుల్లో పోసేది సార్!"

పట్టాభిగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "చూశావమ్మా లలితా, ఎంత వినయమో! ఇంకొకడైతే గొప్పలు పోయేవాడు. కాపలాకి ఇలాంటివాడే ఉండాలి. మా ఇంట్లో మిగిలినవి కూడా రేపే పంపించేస్తాను."

ఏసీ కరెంటు బిల్లు సంగతి మాత్రం ఆయన ఎత్తలేదు.