'పగడాల పల్లకి' మూడో అంకం

"ఈ జాతి ఒకసారి ఏడ్చిన చోట మళ్ళీ ఏడ్చే హక్కు ఈ జాతికి ఉంది! ఆ హక్కుని మా ప్రభుత్వం కల్పించి తీరుతుంది!"

సాంస్కృతిక శాఖామంత్రిగారు టీవీలో ఈ చారిత్రాత్మక ప్రకటన చేస్తున్న సమయానికి నేను మా లాండ్రీ షాపులో ఆయన రెండో కోటు ఇస్త్రీ చేస్తున్నాను. అంతటి మనిషి అంతటి మాట అంటున్నప్పుడు ఆయన కోటు నా బల్ల మీద ఉండడం నా అదృష్టం. కాలర్ దగ్గర ఇంకో రెండు రుద్దులు ఎక్కువే రుద్దాను.

సంగతేమిటంటే, నలభై ఏళ్ళ కిందట మా షాపుకి ఎదురుగా ఉన్న నాటకశాలలో 'పగడాల పల్లకి' అనే సంగీత నాటకం ఆడారు. ఒకే ఒక్కసారి. ఆ ఒక్కసారికే దాని పేరు మోగిపోయింది. ఊళ్ళో ఏ పెద్దమనిషిని కదిపినా, "ఇప్పటివాళ్ళకేం తెలుసయ్యా, మేం 'పగడాల పల్లకి' చూసినవాళ్ళం" అంటాడు. నాటకశాలలో కుర్చీలు మూడొందలు. చూసినవాళ్ళు మాత్రం ఊళ్ళో సగం మంది. కళ గొప్పదైతే కుర్చీలు అడ్డం రావు.

అందులో రాకుమారి వేషం వేసి పాడింది మా మేనత్త. ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటుంది. పొద్దుటి నుంచీ షాపు వెనక భాగంలో కూర్చుని ఊడిపోయిన గుండీలు కుడుతుంది. నాటకం సంగతి ఎవరైనా ఎత్తితే దారం పంటితో తెంపి, "ఆఁ, అప్పట్లో ఏదో" అనేసి ఊరుకుంటుంది. గొప్పవాళ్ళ వినయం ఇలాగే ఉంటుంది కాబోలని నేను మురిసిపోయేవాణ్ణి.

నాటకాన్ని మళ్ళీ నిలబెట్టే బాధ్యతని మంత్రిగారు ఒక కుర్ర దర్శకుడికి అప్పగించారు. కుర్రాడు మంచివాడు, చదువుకున్నవాడు, ఆ రెండు లోపాలూ మొదట్లో ఎవరూ గమనించలేదు. చిక్కల్లా ఒక్కటే. మొదటి రెండు అంకాల రాతప్రతి దొరికింది గాని మూడో అంకం ఎంత వెతికినా దొరకలేదు.

"మూడో అంకమే కదయ్యా ప్రాణం! అందరూ ఏడ్చింది అక్కడే!" అన్నారు మంత్రిగారు. కోటు అప్పజెప్పడానికి వెళ్ళి నేను ఆ గదిలోనే ఉన్నాను.

"అందులో పాడినావిడ ఈ లాండ్రీ ఆయన మేనత్తేనట సార్. వెళ్ళి అడుగుతాను" అన్నాడు దర్శకుడు.

"వేషం వేసినవాళ్ళకి నాటకం ఎలా కనిపిస్తుంది? వాళ్ళు స్టేజీ మీద ఉంటారు కదా! చూసినవాళ్ళని అడగాలి. డెమోక్రసీ అంటే అదే."

ఇలాంటి మాట మీకూ నాకూ తడుతుందా? అందుకే ఆయన మంత్రి, మనం మనం.

వెంటనే ప్రేక్షక జ్ఞాపకాల సేకరణ సంఘం ఏర్పడింది. అధ్యక్షుడిగా మా వీధి చివర ఉండే రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్‌గారిని వేశారు. ఆనాడు ముందు వరుసలో కూర్చుని చూశానని ఎదురుపడిన ప్రతివాడికీ చెప్పడం వల్ల ఊరంతా ఆయన్ని 'ముందువరుసాయన' అనే పిలుస్తుంది. జనం తండోపతండాలుగా వచ్చి జ్ఞాపకాలు ఇచ్చారు. రాకుమారి విషం తాగి పాడుతూ ప్రాణం విడిచిందని కొందరు. కాదు, నదిలో మునిగిందని కొందరు. మునగడమేమిటి, పట్టాభిషేకం జరిగితేనూ అని మరికొందరు. ముందువరుసాయనకైతే పల్లకి ఆకాశంలోకి లేచిపోవడం కళ్ళకి కట్టినట్టు గుర్తుంది. చివరి పాట కూడా తనకి వచ్చని ఆయన పాడి వినిపిస్తే, దాన్నే రికార్డు చేయించారు. ఒక పెద్దావిడ, ఆ పాటకి తన కడుపులో ఉన్న బిడ్డ కూడా ఏడ్చాడని చెప్పింది. ఆ బిడ్డ ఇప్పుడు బట్టతల వచ్చిన పెద్దమనిషి. పక్కనే నిలబడి, "అవును, నాకు బాగా గుర్తు" అన్నాడు.

"సార్, విషం తాగి పోయిన మనిషి మళ్ళీ నదిలో ఎలా మునుగుతుంది?" అన్నాడు దర్శకుడు.

"ప్రజల జ్ఞాపకాన్ని కత్తిరించడానికి నువ్వెవరు, నేనెవరు? అన్నీ పెట్టెయ్!" అన్నారు మంత్రిగారు.

ఒకరోజు దర్శకుడు నాటకం దుస్తులు ఇస్త్రీకి తెచ్చాడు. అత్తయ్య తలెత్తి చూసింది.

"మూడో అంకం కూడా వేస్తున్నారా బాబూ?"

"వెయ్యకపోతే ఎలాగమ్మా, అదే కదా ముఖ్యం!"

"అలాగా." సూదిలో దారం ఎక్కించుకుంది. "అయితే చూడాలని ఉంది."

ప్రదర్శన రోజు రానే వచ్చింది. యువరాజు వేషం మంత్రిగారి బావమరిదిది. ఆయనకి యాభై దాటిన మాట నిజమే గాని, పార్టీ యువజన విభాగానికి అధ్యక్షులు కాబట్టి రూల్స్ ప్రకారం యువకులే. మొదటి రెండు అంకాలూ జనం ఓపిగ్గా దగ్గుతూ చూశారు. మూడో అంకంలో రాకుమారి విషం తాగింది. పోయింది. లేచి నదిలో దూకింది. మళ్ళీ పోయింది. తడిబట్టలతోనే పట్టాభిషేకం చేయించుకుంది. డైలాగు మరిచిపోయిన ప్రతిసారీ యువరాజుగారు "మా బావగారి నాయకత్వం వర్ధిల్లాలి!" అన్నారు. నాటకం మొత్తమ్మీద చప్పట్లు పడిన డైలాగు అదొక్కటే. ఆఖర్న పల్లకి ఆకాశంలోకి లేచింది. సగం దూరం లేచి, తాడు బిగుసుకుని ఆగిపోయింది. రికార్డు పాట అయిపోయింది గాని పైన వేలాడుతున్న అమ్మాయికి ఆ సంగతి తెలియదు, నోరు ఆడిస్తూనే ఉంది.

ప్రేక్షకులంతా లేచి నిలబడ్డారు. గౌరవం కొద్దీ అనుకున్నారు మంత్రిగారు. వాళ్ళు తలుపుల వైపు నడుస్తున్నప్పుడు కూడా అలాగే అనుకున్నారు. నాయకుడికి ఉండాల్సింది ఆ స్థైర్యమే.

నేనూ లేచాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని లాగింది.

"కూర్చో. స్టేజీ మీద వాళ్ళని అలా నిలబెట్టి వెళ్ళిపోకూడదురా."

నిచ్చెన వేసి అమ్మాయిని దింపేదాకా హాల్లో మేమిద్దరమే కూర్చున్నాం. అమ్మాయి కింద కాలు పెట్టాక అత్తయ్య చప్పట్లు కొట్టింది. ఆ పిల్ల భోరుమంది.

బయట ఒకటే మాట. "అప్పటిలా లేదు." ముందువరుసాయన అయితే నా భుజం పట్టుకుని ఊపేశాడు. "అప్పుడు ఆవిడ పాడుతుంటే నా చొక్కా తడిసి ముద్దయింది. ఇప్పుడు చూడు, ఎలా ఉందో!" నేను వృత్తిధర్మంగా చొక్కా పట్టి చూశాను. పొడిగానే ఉంది.

పేపర్లు కూడా అదే రాసేసరికి మంత్రిగారు క్షణం ఆలస్యం చెయ్యలేదు. నాటకం అప్పటిలా లేకపోవడానికి గల కారణాలపై విచారణ సంఘం వేశారు. జాతి కన్నీళ్ళని దుర్వినియోగం చేశాడని దర్శకుడి మీద అభియోగం. రుజువైతే ఉద్యోగం ఊడడమే కాదు, ఈ జన్మలో ఏ స్టేజీ మెట్లూ ఎక్కనివ్వరు.

కుర్రాడు షాపుకి వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు.

"అందరూ చెప్పిందే కదమ్మా పెట్టాను. నేను చేసిన తప్పేమిటి? ఇంట్లో ఏం చెప్పాలో కూడా తెలియడం లేదు."

అత్తయ్య సూది పక్కన పెట్టింది.

"విచారణ ఎప్పుడు బాబూ?"

విచారణ నాటకశాలలోనే జరిగింది. స్టేజీ మీద బల్ల వేసుకుని రిటైర్డ్ జడ్జిగారు కూర్చున్నారు, పక్కన మంత్రిగారు. సాక్షులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి అసలు మూడో అంకం ఎలా ఉండేదో చెప్పి కళ్ళు తుడుచుకున్నారు. అంతా అయ్యాక అత్తయ్య నెమ్మదిగా మెట్లెక్కింది. ఆ మెట్లు ఎక్కడం నలభై ఏళ్ళలో అదే మొదలు.

"నేను ఆ నాటకంలో రాకుమారినండి. ఈ పిల్లాడి తప్పేం లేదు. అసలు మూడో అంకమే లేదు."

"లేదంటే?" అన్నారు జడ్జిగారు.

"రాసినాయన రేపు రాస్తా, ఎల్లుండి రాస్తా అంటూ చివరిదాకా రాయలేదండి. రెండో అంకంలోనే జనం గోల చేసి లేచిపోయారు. ఫిడేలు మాస్టారికి కోపం వచ్చి ఆయనా వెళ్ళిపోయాడు. నేను పాడుతూనే ఉన్నాను. దీపాలు ఆర్పేశారు. అంతే."

వెనకనుంచి ఎవరో అరిచారు.

"అబద్ధం! అయితే నేను ఏడ్చింది దేనికి?"

"మా నాన్న ఏడ్చాడు! మా నాన్న అబద్ధాలకోరా?"

నాకు ఉండబట్టలేదు. లేచి, "ఆవిడ మా మేనత్తేనండీ! ఆ రాకుమారి ఈవిడే!" అన్నాను.

"మీరు ఆ నాటకం చూశారా?" అన్నారు జడ్జిగారు.

"అప్పటికి నేను పుట్టలేదండి."

"పుట్టకపోవడం ఒక సాకా?" అన్నాడు బట్టతలాయన కోపంగా. నేను కూర్చున్నాను.

మంత్రిగారు ముందువరుసాయన వైపు తిరిగారు. "మీరు దగ్గర్నుంచి చూసినవారు. ఆవిడా ఈవిడా ఒకరేనా?"

ముందువరుసాయన కళ్ళజోడు తుడుచుకుని అత్తయ్యని పైనుంచి కిందిదాకా చూశాడు.

"కాదండీ. ఆవిడ ఇంతకంటే పొడుగు. ఈవిడ మాకు గుండీలు కుట్టే ఆవిడ."

"పోనీ, ఆ చివరి పాట పాడమనండి, తేలిపోతుంది" అన్నారు జడ్జిగారు.

"ఆ పాట లేదు కదండీ. లేని పాట ఎలా పాడను?" అంది అత్తయ్య.

"చూశారా!" అన్నారు మంత్రిగారు. "పాటే రాదు!"

ఇంత సూటిగా నిజం తేల్చిన విచారణని నేను అంతకుముందు చూడలేదు. కింద దర్శకుడు తల రెండు చేతుల్లో పెట్టుకుని ఉన్నాడు. అత్తయ్య వాడి వంక చూసింది.

"పోనీలెండి, నేను కాదు" అంది. "కాకపోతే ఒక్క ముక్క. ఆ మహాతల్లి అంత గొప్పగా పాడిందంటున్నారు కదా. మరి ఆవిడ లేకుండా నాటకం అప్పటిలా ఎలా ఉంటుందండీ? పిల్లాణ్ణి అని ఏం లాభం?"

హాలంతా "నిజమే, నిజమే" అంది. దర్శకుడి మీద అభియోగం అక్కడికక్కడే కొట్టేశారు. లోపం దర్శకత్వంలో లేదనీ, ఆ మహాగాయని లేని లోటే లోపమనీ తీర్పు వచ్చింది. ఆవిడ ఆచూకీ లేదు కాబట్టి ప్రభుత్వమే ఆవిడకి నిలువెత్తు విగ్రహం పెడుతుందని మంత్రిగారు ప్రకటించారు. ఎవరి నిలువెత్తు అని ఎవరూ అడగలేదు.

ఇంటికి వస్తూ, "అదేమిటత్తయ్యా, నువ్వు కాదన్నావ్?" అన్నాను.

"పిల్లాడు బయటపడ్డాడు కదరా. నాకిప్పుడు వేషాలున్నాయా ఏమన్నానా?" అంది. తర్వాత రెండు రోజులు వంచిన తల ఎత్తకుండా గుండీలు కుట్టింది.

విగ్రహం సరిగ్గా మా షాపు ఎదుటే నిలబెట్టారు. నిజంగానే చాలా పొడుగు. మొహం కూడా ప్రేక్షకుల జ్ఞాపకాల ప్రకారమే చెక్కారు కాబట్టి పదిమంది పోలికలున్నాయి. మంత్రిగారు తెర లాగి, ఆవిడ ఎక్కడున్నా ఈ జాతి ఆవిడకి ఋణపడి ఉందని గద్గద స్వరంతో చెప్పి, కారెక్కి వెళ్ళిపోయారు. జనం పల్చబడ్డారు. అత్తయ్య షాపు మెట్టు దిగి వచ్చి విగ్రహం కింద నిలబడి పైకి చూస్తోంది. పక్కనే ముందువరుసాయన.

"నువ్వు ఆవిడ పాట వినాల్సిందమ్మా" అన్నాడు జాలిగా. "ఆ అదృష్టం అందరికీ ఉండదు."

"బాగా పాడేదా బాబూ?"

"బాగానా!" అని ఆయన కళ్ళు మూసుకుని పాట ఎత్తుకున్నాడు. రెండో చరణంలో శ్రుతి తప్పి, ఎటు పోవాలో తెలియక ఆగిపోయాడు.

అత్తయ్య విగ్రహం మీంచి చూపు తిప్పకుండా, ఆయన ఆగిన చోటే అందుకుని, లేని పాటకి మిగతా చరణం తనే అల్లుకుంటూ మెల్లగా, తొణక్కుండా, చివరిదాకా పాడేసింది. రోడ్డు మీద పోయే సైకిలాయన కూడా ఒక కాలు కింద పెట్టి ఆగాడు.

ముందువరుసాయన కళ్ళు తెరిచి, చేతులు రెండూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

విగ్రహానికి.