గ్రంథాలయం పంపిన గురక

ఆ బుధవారం పొద్దున మల్సున్ పెట్టుకున్న పని ఒక్కటే. గున్సాన్ నగర గ్రంథాలయానికి వెళ్లి, భర్త తేషిక్ గురకకు మందేమిటో కనుక్కోవాలి. కొంతకాలంగా ఆమె వంటగదిలో, కిమ్చీ పచ్చడి పెట్టుకునే ఫ్రిజ్ పక్కన పరుపు వేసుకుని పడుకుంటోంది. ఇక లాభం లేదని, మొక్పోలో చెల్లెలింటికి వెళ్లిపోవడానికి బట్టలు కూడా సర్దుకుంది. గురక మాట ఎత్తితే చాలు, "నేనా? గురకా?" అంటూ ఆయన అన్నం ముందునుంచి లేచిపోతాడు.

గ్రంథాలయంలో పెద్దవాళ్లకు కంప్యూటర్ నేర్పే సోల్బి, పత్రికల్లోని వ్యాసాలన్నీ వెతుక్కునే పేజీ తెరిచి పెట్టింది. "ఇక్కడ మాట కొట్టండమ్మా. డాక్టర్లు రాసినవే కావాలంటే ఇది నొక్కండి. కళ్లు లాగితే ఇది, అదే చదివి పెడుతుంది. ఎవరికైనా పంపాలంటే ఈ కవరు బొమ్మ."

వ్యాసం దొరికింది. మల్సున్ ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని చదివించే బటను నొక్కింది. కంప్యూటర్‌కు గుచ్చాల్సిన దాని రెండో కొస ఆమె ఒళ్లోనే ఉంది.

"మీ భర్త గురక పెడుతున్నారా? మీరు వేరే గదిలో పడుకుంటున్నారా?" అని ఓ మగగొంతు హాలంతా మోగింది. పేపర్లు చదువుకుంటున్న తలలన్నీ లేచాయి. ఆమె కంగారులో చేతికందిందల్లా నొక్కేసింది. గొంతు ఆగింది గాని, వ్యాసం వెళ్లిపోయింది. నిన్న అభ్యాసానికి నింపిన ఈమెయిల్ చిరునామాలు అందులో అలాగే ఉన్నాయి. అవి ఆమెతోపాటు కంప్యూటర్ తరగతికి వచ్చేవాళ్లవి. ఆమె తప్ప అందరూ తమ అపార్ట్‌మెంట్ల మగవాళ్లే, తేషిక్‌తో సహా.

"వెనక్కి లాగొచ్చా అమ్మాయ్?"

"అదొక్కటీ ఇంకా పెట్టలేదమ్మా."

పంపినవారి పేరు దగ్గర 'నగర గ్రంథాలయం' అని మాత్రమే ఉంది. కాసేపటికే గ్రంథాలయం ఫోన్ మోగింది. అవతల నాలుగో అంతస్తు క్వాక్‌గారు. "మా ఆవిడ మీ దగ్గరికొచ్చి చెప్పిందా?"

"ఎవరేం చదివారో మేం బయటికి చెప్పమండీ," అంది సోల్బి.

"అంటే, చెప్పిందన్నమాట!"

క్వాక్‌గారు తిన్నగా బజారుకెళ్లి భార్యకిష్టమైన చేప కొనిపెట్టి, క్షమించమన్నాడు. "అసలేం వెలగబెట్టావ్? ముందది చెప్పు," అని ఆవిడ నిలదీసింది. ఇంకొకాయన పరుపు తీసుకెళ్లి బాల్కనీలో వేసుకున్నాడు. మధ్యాహ్నానికి అపార్ట్‌మెంట్లలో ఏ మొగుడూ పెళ్లాం మొహం సూటిగా చూడటం లేదు.

మల్సున్ గుండె చిక్కబట్టుకుని ఇంటికి చేరింది. తేషిక్ కళ్లద్దాలు పెట్టుకుని ఫోన్ చూస్తున్నాడు.

"గ్రంథాలయం వాళ్లు పంపారు, చూశావా?"

"ఏం పంపారండీ?" అంది ఆమె, ఏమీ తెలియనట్టు.

"గురక గురించి. పాపం, క్వాక్ పరువు పోయింది. నాకెందుకు పంపారంటావా? అపార్ట్‌మెంట్ల సంఘం అధ్యక్షుణ్ణి కదా, నలుగురికీ నేను చెప్పాలని. ఆదివారం ఉపన్యాసం పెట్టేశాను."

"మంచిదేనండీ," అంది మల్సున్, నేల చూపులు చూస్తూ.

"తెలియకుండా చెబితే నవ్వుతారు. అందులో రాసినవన్నీ చేసి చూడాలి," అని ఆయన ఆరోజే సోజు తాగడం మానేశాడు. వీపు వెనక దిండు పెట్టుకుని పక్కకు తిరిగి పడుకున్నాడు. మల్సున్ ఎన్నాళ్లకో తమ గదిలో పడుకుని, ఎండెక్కాక లేచింది. సర్దిన బట్టలు బీరువాలో పెట్టేసి గ్రంథాలయానికి బయల్దేరింది.

'ఇంటిపనుల్లో భర్త సాయం' అని కొట్టింది. డాక్టర్లు రాసిందే ఎంచుకుంది. కవరు బొమ్మ నొక్కింది.

ఈసారి పొరపాటున కాదు.