ఎర్రగీత లేని కాగితం

"ఇకమీదట మా కార్యాలయం నుంచి ఎర్రగీత పడ్డ కాగితం ఒక్కటి సుత బయటికి పోదని జిల్లా ప్రజలకు హామీ ఇస్తున్న" అని సదానందం విలేకరుల ముందు ప్రకటించాడు. మంచిర్యాలలోని నీటి ఎద్దడి నివారణ ప్రత్యేక కార్యాలయానికి ఆయనే అధికారి. ఎద్దడి వచ్చిన ప్రతి వేసవిలోనూ ఆయన అక్కడే ఉన్నాడు. అంత నిలకడ గల మనిషి.

గీత సంగతి కొత్త కంప్యూటర్ వచ్చిన నాడే బయటపడింది. టైపిస్టు నవనీత తెలుగులో ఏ మాట టైపు చేసినా దాని కింద ఎర్రగీత వంకర్లు తిరుగుతూ పాకేది. ఇంకొకరైతే యంత్రానికి తెలుగు రాదనుకునేవారు. సదానందం అలా అనుకోలేదు. ఫైలు మీద ఎర్రగీత గీసే హక్కు పై అధికారిదేనని సర్వీసులో చేరిన కొత్తలోనే నేర్చుకున్నాడు. అందుకే స్క్రీన్ మీద గీత కనబడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"హైదరాబాద్ నుంచి చూస్తున్నరు" అన్నాడు మెల్లగా.

"ఎందుకొస్తుందో నాకు సుత తెల్వది సార్" అంది నవనీత. "మీద హెల్ప్ అని ఉన్నది. నొక్కి చూడాల్నా?"

"మనది సహాయం చేసే ఆఫీసు, అడిగేది కాదు. గది నొక్కితే మనకు పని రాదని మీదోళ్లకు తెలిసిపోతది."

ఒకనాడు నీలిగీత కూడా వచ్చింది. నీలిది ఢిల్లీదని ఆయన అంచనా. ఆ పూట అన్నం తినలేదు.

ఈ లోపల నస్పూర్ నుంచి పోశవ్వ మళ్లీ వచ్చింది. ఆమె గల్లీలో బోరింగు రాడ్డు విరిగి నెల దాటింది. ఆడవాళ్లు బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్ల దాకా నడిచి, అక్కడివాళ్లతో మాటలు పడి బిందెలు నింపుకొస్తున్నారు. సదానందం సంతకం, ముద్ర ఉన్న కాగితం చూపిస్తే తప్ప రానని మెకానిక్ కూర్చున్నాడు. మొగుడు పోయినాక మనవరాలి పలక మీద అక్షరాలు దిద్ది నేర్చుకున్న పోశవ్వ, దరఖాస్తు తన చేత్తోనే రాసి ఇచ్చింది. అందులో ఒక్కో అక్షరం ఒక్కో దిక్కు చూస్తుంటుంది.

"ఉత్తర్వు టైపు చేస్తే నీ పేరు కింద గీత పడ్డది పోశవ్వా. మీదోళ్లు ఒప్పుకుంటలేరు."

"నా పేరుకేమైంది సారు? ఓట్ల చీటీల గిదే పేరుండె. అప్పుడు ఏ గీతా రాలే."

"గది వేరే శాఖ."

"నస్పూర్ కింద సుత గీత ఉన్నదాయె. మా ఊరే లేదంటరా?"

"విచారణల ఉన్నది."

నవనీతకు జాలేసింది. "సార్, ప్రింటు తీస్తే గీత పడది. సంతకం పెట్టుండ్రి."

"అంటే ఎర్రగీతను దాచిపెట్టి మీదోళ్లను మోసం చేద్దామంటవు."

గీతల గురించి వివరణ కోరుతూ హైదరాబాద్‌కు ఆయన ఒక లేఖ రాయించాడు. దాని కింద కూడా గీతలు పడ్డాయి. తన నియమం తనకూ వర్తిస్తుందని ఆ లేఖను పంపకుండా ఆపేశాడు. ఇంత నిజాయితీ ఈ రోజుల్లో అరుదు.

చివరికి పరిష్కారం కూడా ఆయనకే తట్టింది. పోశవ్వ ఉత్తర్వులో గీత పడ్డ మాటల్ని ఒక్కొక్కటే తీసేయమన్నాడు. పోశవ్వ పోయింది, నస్పూర్ పోయింది, బోరింగు పోయింది, రాడ్డు పోయింది. ఆఖరుకు ఒక చుక్క మిగిలింది. దాని కింద గీత లేదు. అయినా ముందుజాగ్రత్తగా దాన్నీ తీయించాడు.

తెల్లకాగితం ప్రింటు అయింది. సదానందం కింద ఆకుపచ్చ సిరాతో సంతకం చేసి, ముద్ర కొట్టి, విలేకరుల ఎదుట పోశవ్వ చేతికిచ్చాడు. జిల్లాలో గీత లేని మొదటి ఉత్తర్వు అది. అందరూ చప్పట్లు కొట్టారు.

పోశవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇందుల ఏం లేదు గద సారు."

"అభ్యంతరం లేదు. నీకు కావాల్సింది గదే."

ఆమె కాసేపు ఆ ఆకుపచ్చ సంతకం వైపే చూసింది. తర్వాత నవనీత వైపు తిరిగింది. "బిడ్డా, జర పెన్నియ్యి."

ఆ వారంలోనే గల్లీలో నీళ్లు పడ్డాయి. ప్రారంభోత్సవానికి సదానందం విలేకరులను వెంటబెట్టుకుని వచ్చాడు. బోరింగుకు దండ వేశాక, ఉత్తర్వు చూపించమని మెకానిక్‌ను అడిగాడు. అతను మడత విప్పి ఇచ్చాడు.

సంతకానికి పైన నీలి సిరాతో రాసి ఉంది: "పోశవ్వ గల్లి బోరింగు ఎంబడే బాగు జెయ్యాలె. పక్క గల్లిది సుత." ఒక్కో అక్షరం ఒక్కో దిక్కు చూస్తోంది.

సదానందం కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. అద్దాలు తుడుచుకుని ప్రతి మాట కిందా వెతికాడు. కాగితాన్ని ఎండకు ఎత్తి చూశాడు. ఎక్కడా ఎర్రగీత లేదు. ఆయన గుండె కుదుటపడింది.

"చూసిండ్రా" అన్నాడు విలేకరులతో. "హైదరాబాద్ నుంచి ఒక్క అభ్యంతరం రాలే."

మర్నాడు పొద్దున కార్యాలయం ముందు జనం బారులు తీరారు. దరఖాస్తు ఎవరూ తేలేదు. అందరూ పెన్నులు తెచ్చుకున్నారు.