వెనక నుంచి వచ్చిన జనం

ఆ ఆదివారం పొద్దున సమ్మయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. చాయ్ తాగాలి, కుర్చీ వెనక ఉన్న రెండు స్పీకర్లను మోగించాలి, మధ్యాహ్నం బామ్మర్ది వీరేందర్ వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు అతని తల వెనక్కి తిరిగేలా చేయాలి. ఇంత చిన్న పనికి వారం రోజులుగా ఇల్లంతా వైర్లపాలు చేశాడని భార్య భాగ్య సణుగుతూనే ఉంది.

సమ్మయ్య భూపాలపల్లి బొగ్గుగనిలో ఎలక్ట్రీషియన్. భూమి కింద ఎక్కడ దీపం ఆరినా, ఎక్కడ మోటారు మొరాయించినా ఆయనకే కబురు. అలాంటి మనిషికి సొంత క్వార్టర్‌లో రెండు స్పీకర్లు లొంగకపోతే కడుపు మండదా? అసలు ఆ గేమ్ మెషిన్ వీరేందర్‌ది. అతను జనగామలో సర్కారు బడి పంతులు. మోజుపడి ఎవరి దగ్గరో పాతది కొని, మోజు తీరాక అక్క ఇంట్లో పడేశాడు. టీవీకి తగిలిస్తే క్రికెట్ ఆడుకోవచ్చు. ఆట సమ్మయ్యకు తెగ నచ్చింది కానీ, ఆ చప్పుడు టీవీలోంచి మూలుగుతూ రావడం నచ్చలేదు. స్టేడియంలో కూర్చున్నట్టు చుట్టూ జనం అరవాలి. దానికి ముందు మూడు, వెనక రెండు, మొత్తం ఐదు స్పీకర్లు, వాటిని నడపడానికి ఒక రిసీవర్ కావాలి.

గనిలో సమ్మె మొదలుకాక ముందే హన్మకొండ వెళ్లి అవన్నీ తెచ్చుకున్నాడు. దుకాణాయన రిసీవర్లు వరసగా చూపించి, ఇది ఇన్ని వాట్లు, అది అన్ని వాట్లు అంటూ ఏకరువు పెట్టాడు. సమ్మయ్య ఆ అంకెల్ని నమ్మలేదు. ఒక్కో పెట్టెనూ రెండు చేతులతో ఎత్తి చూశాడు. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ గట్టిదైతే పెట్టె బరువుంటుందని, మిగతాదంతా రేకు మీద రంగేనని ఆయన సిద్ధాంతం. ధర తక్కువ, బరువు ఎక్కువ ఉన్నదాన్ని చంకన పెట్టుకుని వచ్చేశాడు.

అది చూసి వీరేందర్ నవ్వాడు. "బావా, గిసొంటి సస్తా డబ్బాల ముందటి రెండే మోగుతయి. ఎనుక మోగాల్నంటే పెద్దది కొనాలె."

సమ్మయ్యకు రోషం వచ్చింది. "దసర ముందటి ఐతారం రా. నా ఇంట్ల, నా ముందట, కుర్చీల కూసో. నీ తల ఎనుకకు తిరగకుంటె డబ్బా దుకాణంల ఇచ్చేస్త. మల్ల ఎలక్ట్రీషియన్‌నని ఏడ చెప్పుకోను."

భాగ్య ఆ మాటను క్వార్టర్ల వరస మొత్తానికీ చేరవేసింది. అప్పటినుంచి ఎదురుపడ్డ ప్రతివాడూ తల వెనక్కి తిప్పి చూపించి మరీ పలకరిస్తున్నాడు.

ఇక చిక్కంతా కరెంటుతో వచ్చింది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై గని సైరన్ మూగబోయింది. తట్టెడు బొగ్గు పైకి రావడం లేదు, బొగ్గు లేక కరెంటు తయారీ పడిపోయింది, వేళాపాళా లేని కోతలు మొదలయ్యాయి. డ్యూటీ ఉన్నన్నాళ్లూ ఇంట్లో నిండుగా కరెంటు ఉండేది, సమ్మయ్యకు తీరిక ఉండేది కాదు. ఇప్పుడు బోలెడంత తీరిక, కరెంటు లేదు. పోనీ ఎవరినైనా తిట్టుకుందామా అంటే అదీ కుదరదు. దీపాలు ఆరితేనే సర్కారుకు కళ్లు తెరుచుకుంటాయని రోజూ దీక్షా శిబిరంలో మైకు పట్టుకుని చెబుతున్నది ఆయనే.

"కరెంటాఫీసుకు పోయి దరఖాస్తు వెట్టుకో," అంది భాగ్య. "ఎవలు తీసిన్రని అడిగితే నేనే అని చెప్పు."

కరెంటు ఉన్న కాసేపట్లోనే సమ్మయ్య అన్నీ చేసి చూశాడు. వెనక స్పీకర్లను ముందుకు తెస్తే మోగాయి. ముందువాటిని వెనక పెడితే మూగబోయాయి. అంటే తప్పు స్పీకర్లది కాదు. వైర్లు మార్చినా అదే తంతు. రిసీవర్‌లో పరీక్ష మీట నొక్కితే వెనక స్పీకర్లు కూడా బుస్సుమన్నాయి, కనుక తప్పు దానిదీ కాదు. ఆట పెడితే మాత్రం ముందు రెండే పలుకుతాయి. పరీక్ష కోసం కుర్చీలో కూర్చోబెట్టిన భాగ్య చిక్కుడుకాయలన్నీ ఒలిచేసింది కానీ ఒక్కసారీ తల తిప్పలేదు.

చివరికి శనివారం, కరెంటు పోయాక, గనిలో లైను వెతికినట్టే టార్చిలైటు పట్టుకుని ఒక్కో వైరునూ మొదటినుంచి చివరిదాకా తడిమాడు. అప్పుడు దొరికింది దొంగ. చప్పుడు మెషిన్ నుంచి టీవీకి, టీవీ నుంచి రిసీవర్‌కు పోతోంది. ఐదుగురికని పంపిన బువ్వను దారిలో టీవీ ఇద్దరికే సరిపెట్టి పంపిస్తోంది. చప్పుడును వెలుగుగా మోసే సన్నని ఆప్టికల్ వైరును టీవీ నుంచి పీకి నేరుగా మెషిన్‌కు, రిసీవర్‌కు మధ్య తగిలించాడు. ఇక ఆ దారినే, ఐదింటికీ పంపమని మెషిన్ సెట్టింగుల్లో చెప్పడమొక్కటే మిగిలింది. దానికి తెర వెలగాలి.

ఆదివారం పొద్దున మీట మీద వేలు పెట్టాడో లేదో, నెత్తిమీద ఫ్యాను ఆగిపోయింది. గుమ్మంలో బండి చప్పుడైంది. బస్సులు కూడా సమ్మెలో ఉన్నాయి కనుక వీరేందర్ జనగామ నుంచి మోటారుసైకిల్ మీదే వచ్చాడు, అదీ చెప్పిన వేళకంటే ముందే. లోపలికి వస్తూనే కుర్చీలో కూర్చుని, కాళ్లు చాపి, చీకటి టీవీ వంక చూస్తూ తాపీగా చాయ్ అడిగాడు.

సమ్మయ్యకు ఒళ్లు మండిపోయింది. ఊళ్లో జనరేటర్ నడుస్తున్నది ఒక్కచోటే, దీక్షా శిబిరంలో. టీవీ, మెషిన్, రిసీవర్, ముందు స్పీకర్లు మూడూ ఆటోలో వేసుకున్నాడు. వెనకవాటికి చోటు చాలలేదు. బామ్మర్దిని కూడా ఎక్కించుకుని బయలుదేరాడు.

శిబిరం నడిపే బిక్షం అప్పటికే దిగులు మీద ఉన్నాడు. మహబూబాబాద్‌లో రైల్ రోకో అని జనమంతా అటు పోయారు. డేరా కింద దండలు వేసుకున్న నలుగురు, రోడ్డు పక్క కుర్చీలో రోజూ తలలు లెక్కపెట్టే ఎస్సై, వ్యానులో ఆయన కానిస్టేబుళ్లు తప్ప ఎవరూ లేరు. మధ్యాహ్నం పత్రికాయన వస్తాడు, ఈ నలుగురినీ చూసి సమ్మె చల్లబడిందని రాస్తాడు. సామాన్లతో దిగిన సమ్మయ్యను చూసి, గరగరమంటున్న మైకు బాగుచేయడానికే వచ్చాడనుకుని బిక్షం ప్రాణం లేచొచ్చినట్టు ఎదురెళ్లాడు. సమ్మయ్య కాదనలేదు. డేరా వెనక కర్రలకు కట్టిన రెండు మైకు హారన్లు కంటపడగానే ఇక ఏ మాటా చెవికెక్కలేదు. వాటి వైర్లు తెచ్చి రిసీవర్‌కు వెనక స్పీకర్ల చోట బిగించాడు.

టీవీ ముందు వీరేందర్‌ను కూర్చోబెట్టి రిమోట్ చేతికిచ్చాడు. సెట్టింగుల్లో చెప్పవలసింది చెప్పాడు. రెండు బంతులు ఊరికే పోయాయి. మూడో బంతిని వీరేందర్ గాల్లోకి లేపాడు.

డేరా వెనక నుంచి వేలమంది జనం ఒక్కసారిగా హోరెత్తారు.

వీరేందర్ తల గిరుక్కున వెనక్కి తిరిగింది. దండలు వేసుకున్న నలుగురి తలలూ తిరిగాయి. ఎస్సై తల తిరగడమే కాదు, కుర్చీ కూడా పడిపోయింది. సమ్మయ్య గుండె ఉప్పొంగిపోయింది, కానీ ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. క్వార్టర్ల అవతల ఊరేగింపు వస్తోందని ఎస్సై వైర్‌లెస్ సెట్లో చెప్పేశాడు. కానిస్టేబుళ్లు లాఠీలు పట్టుకుని డేరా వెనక్కి పరుగెత్తితే అక్కడ మేస్తున్న గేదెలు తప్ప ఎవరూ కనబడలేదు. అంటే జనం ఇంకా వెనక ఉన్నారన్నమాట. ఎస్సై ఇంకో వ్యాను పంపమన్నాడు. అది విని దుకాణాలవాళ్లు షట్టర్లు దించారు. షట్టర్ల మోత విని క్వార్టర్లలోని ఆడా మగా ఏమైందో చూద్దామని ఉన్నపళంగా రోడ్డెక్కారు. తంగేడు పూలు పేరుస్తున్న ఆడవాళ్లు బతుకమ్మలతో సహా వచ్చారు. కంగారులో వీరేందర్ వేళ్లు మీటల మీదే బిగుసుకుపోయి, బంతి మీద బంతి బౌండరీ దాటుతోంది.

సమ్మయ్య రిసీవర్ ఆపబోయాడు. బిక్షం ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"జర ఆగు తమ్మీ. పొద్దటి సంది నేను మొత్తుకుంటె ఒక్కడు రాలె. నీ డబ్బా పిలిస్తె ఊరంత అచ్చింది."

పత్రికాయన వచ్చేసరికి రోడ్డు మీద ఇసుక వేస్తే రాలనంత జనం. ఆ జనంలో నినాదాలు అందుకున్నాక హారన్లను ఎవరు ఆపారో కూడా ఎవరికీ తెలియదు. మర్నాడు పేపర్లో భూపాలపల్లి కదం తొక్కిందని ఫోటోతో సహా వచ్చింది. బిక్షం ఆ ఫోటో చూసి మురిసిపోయి, సమ్మె ముగిసేదాకా రిసీవర్ శిబిరంలోనే ఉండాలని తీర్మానం చేయించాడు. ఉద్యమానికి కాదంటాడా సమ్మయ్య? మింగలేక, కక్కలేక చప్పట్లు కొట్టాడు.

అయినా పందెం నెగ్గానన్న తృప్తి మిగిలిందనుకుంటే, వీరేందర్ దానికీ ఎసరు పెట్టాడు.

"సప్పుడుకు తిరగలె బావా. నిజంగనే జనం అచ్చిన్రనుకొని తిరిగిన."

"గదేరా సరౌండ్ అంటె," అన్నాడు సమ్మయ్య పళ్లు నూరుతూ.

"ఏమో. నా ఇంట్ల, నా ముందట అన్నవు నువ్వు. మాట మాటే."

ఆ మాట తనదే కాబట్టి సమ్మయ్య వెనక స్పీకర్ల వైర్లను చుట్ట చుట్టి అటక మీద పడేశాడు.

దసరా పోయింది. సమ్మె వాయిదా పడ్డాక రిసీవర్ దుమ్ము కొట్టుకుని ఇంటికి చేరింది. సమ్మయ్య ఐదు స్పీకర్లూ బిగించి, చెమట తుడుచుకుని, మీట నొక్కబోతుంటే గని సైరన్ మోగింది. టిఫిన్ డబ్బా పట్టుకుని పరుగెత్తాడు. సాయంత్రం బొగ్గు మసితో ఇల్లు చేరేసరికి భాగ్య గుమ్మంలోనే నవ్వుతూ ఎదురొచ్చింది.

"మా తమ్ముడు అచ్చి పోయిండు. పొద్దంత ఆడిండు. మస్తు మోగింది. ఎన్నిమాట్ల ఎనుకకు తిరిగిండో లెక్కే లేదు."

"మరి ఒప్పుకున్నడా?" అన్నాడు సమ్మయ్య, డబ్బా కింద పెట్టడం కూడా మరిచి.

"నువ్వు ముందట లేనప్పుడు తిరిగితె లెక్కల రాదట. నువ్వు ఇంట్ల ఉన్న పొద్దు మల్ల అస్తనన్నడు."

ఆ నెలంతా భూపాలపల్లిలో కరెంటు పోలేదు, సమ్మయ్యకు ఆదివారం కూడా పగటి డ్యూటీ తప్పలేదు.